ఆటగాని తీరుబడి

మన పల్లెలలో అరుగుల మీద సాగిన ఆటలకు గడియారంతో పని ఉండేది కాదు. పులిజూదం ముందు కూర్చున్న వృద్ధులిద్దరు ఒక్క ఎత్తు కోసం చుట్ట కాలిపోయేదాకా ఆలోచించినా, చుట్టూ నిలుచున్నవారు సలహాలు చెప్పేవారే గాని తొందరపెట్టేవారు కారు. ఇంతలో లోపలినుంచి భోజనానికి పిలుపు వస్తే రాళ్ళు ఎక్కడివక్కడనే ఉండేవి. చేయి కడుగుకొని వచ్చి మళ్ళీ అక్కడినుంచే ఆడేవారు. వామనగుంటల పీట ముందు చేరిన ఆడపిల్లలకు వేసవి మధ్యాహ్నమంతా చాలేది కాదు. వైకుంఠపాళిలో పెద్దపాము నోటబడి అడుగుకు జారినవానికి కూడ తిరిగి ఎక్కడానికి కావలసినంత ప్రొద్దు ఉండేది. ఆటే మనిషి కోసం కాచుకొని ఉండేది.

వీడియో ఆట అటువంటిది కాదనీ, మనిషిని పట్టి పరుగులెత్తించే వస్తువనీ మనలో చాలమంది అభిప్రాయం. తెర మీద ఏవేవో మెరుస్తాయి, వ్రేళ్ళు దడదడలాడుతాయి, రెప్ప వేసేలోగా ఆట ముగిసిపోతుంది. ఇది కుర్రవాళ్ళ విద్య, నలుబది దాటినవాడు దీని జోలికి పోరాదు అనుకొంటారు. ఉద్యోగం నుంచి విరమించిన తరువాతనే ఈ ఆటల జోలికి పోయినవాణ్ణి కనుక, ఈ అభిప్రాయం సగమే నిజమని చెప్పగలను. ఆ సగం నిజం ఎక్కడినుంచి వచ్చినదో, తక్కిన సగం ఎందుకు మరుగున పడినదో విచారించదగిన సంగతి.

డబ్బు ఒడ్డి ఆడే ఆటలను ఇక్కడ ప్రస్తావించడం లేదు. అవి ఆట ముసుగు వేసుకొన్న జూదాలు. 2025 ఆగస్టులో మన పార్లమెంటు వాటిని నిషేధిస్తూ చట్టం చేసినది. ఆట వ్యసనమై బ్రతుకును మ్రింగివేసే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రుగ్మతల పట్టికలో చేర్చినది. దాని విచారణ వైద్యులది. మన ప్రస్తావన, రోజుకొక గంట వినోదం కోరే సామాన్యుని గురించి.

నిజానికి వీడియో ఆట పుట్టినప్పుడు దానికి తొందర లేదు. 1958 అక్టోబరులో న్యూయార్కు రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలను చూడవచ్చిన సందర్శకులకు విసుగు పుట్టకుండా, విలియం హిగిన్‌బోథామ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఆసిలోస్కోపు తెర మీద ఒక టెన్నిసు ఆటను ఏర్పాటు చేశాడు. 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు లక్ష డాలర్లకు పైగా ఖరీదు చేసే ఒక కంప్యూటరు మీద రెండు ఆకాశనౌకలు పోరాడే 'స్పేస్‌వార్' ఆటను తయారుచేశారు. ఈ రెండింటినీ ఆడినవారెవరూ ఒక్క కానీ చెల్లించలేదు. కానీ చెల్లించని చోట గడియారం మాట రాదు.

1972లో అటారి సంస్థ 'పాంగ్' అనే యంత్రాన్ని కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణంలో ఒక మద్యశాలలో పెట్టినది. పావు డాలరు నాణెం వేస్తే ఆట. కొద్ది దినాలకే యంత్రం చెడిపోయినదని కబురు వచ్చినది. దానిని నిర్మించిన అలన్ ఆల్కార్న్ వెళ్ళి విప్పి చూస్తే లోపల జబ్బేమీ లేదు. నాణేలు నిండి పొర్లిపోవడం వల్ల ఆట మొదలు కాకుండా పోయినది. ఈ ముచ్చటను ఆయనే తరువాత ఎన్నోసార్లు చెప్పాడు. ఆ నిండిన పెట్టెతో ఒక పరిశ్రమ పుట్టినది. దానితోపాటు ఒక న్యాయం కూడ పుట్టినది: ఆట ఎంత త్వరగా ముగిస్తే పెట్టెలో రెండవ నాణెం అంత త్వరగా పడుతుంది. యంత్రం యజమానికి కావలసినది మీరు ఓడిపోవడం. అయితే మరీ సిగ్గుపడి వెళ్ళిపోయేటట్లు కాక, ఇంకొక్కసారి చూద్దామనిపించేటట్లు ఓడిపోవడం. ఆ కొలత తెలిసినవాడే ఆ రోజులలో గొప్ప ఆట తయారుచేసినవాడు.

1978లో జపాను దేశంలో తోమోహిరో నిషికాదో రచించిన 'స్పేస్ ఇన్వేడర్స్' ఆటలో ఆ తొందర ఎట్లా వచ్చి చేరినదో చెప్పుకోదగినది. తెర పైభాగాన వింతప్రాణులు బారులు తీరి మెల్లగా క్రిందికి దిగుతుంటాయి. మనం వాటిని కాల్చాలి. ఆనాటి యంత్రానికి అన్ని బొమ్మలనూ ఒక్కసారి కదిలించే శక్తి చాలలేదు. కొన్ని చచ్చి బొమ్మలు తగ్గినకొద్దీ దాని భారం తగ్గి, మిగిలినవి వడివడిగా కదలసాగినవి. ఇది నిషికాదో కోరి చేసినది కాదు, యంత్రపు అశక్తత. ఆ వేగం ఆటకు రక్తి కట్టించినదని గ్రహించి ఆయన దానిని అట్లాగే ఉంచాడు. ఆనాటినుంచి వీడియో ఆట అంటే వేగమనే పేరు స్థిరపడినది. ఒక నాసిరకపు యంత్రం రొప్పిన రొప్పు ఒక కళకు లక్షణమైపోయినదన్నమాట!

కాని అదే కాలంలో నాణేల పెట్టె లేని మరొక చోట మరొక రకం ఆట కూడ పుట్టినది. విల్ క్రౌథర్ అనే ఆయన అమెరికాలో కంప్యూటర్ల మధ్య సమాచార మార్గాలను నిర్మించే ఉద్యోగి. తీరిక దొరికితే కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలలో దూరి వాటి పటాలు గీచేవాడు. భార్యతో విడిపోయిన తరువాత, దూరమైన తన కుమార్తెలు ఆడుకొనడానికని 1976 ప్రాంతాన ఆ గుహలను మాటలతో వర్ణించే ఒక ఆటను వ్రాశాడు. బొమ్మ ఒక్కటీ లేదు. 'మీరు ఫలానా చోట ఉన్నారు' అని తెర చెబుతుంది. ఏం చేయాలో మనం ఒకటి రెండు మాటలలో వ్రాస్తాము. మరుసటి సంవత్సరం డాన్ వుడ్స్ అనే ఆయన దానిని పెంచి పెద్దది చేశాడు. మీరు వ్రాసేవరకు ఆ గుహలో ఏమీ జరగదు. కాఫీ త్రాగి రండి, ఉత్తరం వ్రాసి రండి, మీరు నిలిచిన చోటనే నిలిచి ఉంటారు. పులిజూదపు అరుగు సముద్రాలు దాటి మరొక రూపాన మొలచినదా అనిపిస్తుంది.

ఈ రెండు దారులలో మన ఇండ్లకు ముందుగా వచ్చినది మొదటిదే. 1990 తరువాతి సంవత్సరాలలో మన పట్టణాలలో టెలివిజనుకు తగిలించి ఆడే చవుక పెట్టెలు వచ్చినవి. వాటిలో దూర్చే బిళ్ళను పిల్లలు 'క్యాసెట్టు' అనేవారు. పెట్టె కొనలేని వారికి గంటకు ఇంత అని అద్దె పుచ్చుకొనే కొట్లు ఉండేవి. అందరూ ఎరిగిన ఆట 1985లో వచ్చిన 'సూపర్ మారియో'. ఎనిమిది లోకాలు, లోకానికి నాలుగేసి అంకాలు, మొత్తం 32. తెర మూల ఒక అంకె నిరంతరం తగ్గుతూ ఉంటుంది, అది సున్నకు వస్తే మారియో ప్రాణం పోతుంది. అయితే మన పిల్లలకు అంతకంటే పెద్ద శత్రువు విద్యుచ్ఛాఖ. ఆ ఆటలో సాధించినది దాచుకొనే ఉపాయం లేదు. ఏడవ లోకం దాకా చెమటోడ్చి వచ్చిన కుర్రవాడు కరెంటు పోయి చీకటిలో కూర్చుండిపోయిన దృశ్యం, ఆ కాలపు తల్లిదండ్రులు మరచి ఉండరు. మరునాడు మళ్ళీ మొదటి లోకం, మొదటి అంకం. ఒక్క బిగిన ఆడగలిగినవానికే ఆట అంతు చిక్కేది. ఒక్క బిగిన గంటలకొలది కూర్చోగలిగినవారు పిల్లలే కనుక అది పిల్లల ఆట అయినది. అంతేగాని పెద్దవారి బుద్ధికి అందనిది కావడం వల్ల కాదు.

ఈ చిక్కును విప్పినది ఆటను దాచుకొనే సౌకర్యం. వీడియో ఆటల చరిత్రలో రంగులకంటె, బొమ్మల నాణ్యతకంటె పెద్ద మార్పు ఇదేనని నా అభిప్రాయం. 1986లో జపానులో వెలువడిన 'డ్రాగన్ క్వెస్ట్' ఆటలో, ఆడినవాడు రాజును దర్శించి సెలవు పుచ్చుకొనేటప్పుడు రాజు అతనికి 20 అక్షరాల మంత్రాన్ని ఉపదేశిస్తాడు. దానికి 'పునరుజ్జీవన మంత్రం' అని పేరు. ఆ అక్షరాలను కాగితం మీద వ్రాసుకొని మరునాడు అప్పజెబితే కథ ఆగిన చోటనుంచి సాగుతుంది. రెండవ భాగం వచ్చేసరికి ఆ మంత్రం 52 అక్షరాల వరకు పెరిగినది. మంత్రమన్నారు గనుక ఒక్క అక్షరం తప్పినా ఫలించదు. ఈ సంగతి మనవారికి ఒకరు చెప్పనవసరం లేదు.

అదే సంవత్సరం షిగెరు మియమోతో రూపొందించిన 'జెల్డా' మరొక అడుగు ముందుకు వేసినది. మియమోతో క్యోటో సమీపంలోని సోనోబే అనే పల్లెపట్టున పెరిగినవాడు. చిన్నతనాన పొలాలవెంట, అడవులవెంట తిరుగుతూ ఒక గుహను కనుగొని, లాంతరు పట్టుకొని అందులో అడుగుపెట్టినప్పటి భయానందాలను ఆటలో పెట్టదలచానని ఆయన చెప్పుకొన్నాడు. అటువంటి ఆటకు కాలనియమం పనికిరాదు. ఆట మొదలుకాగానే మన వీరుడు ఒక మైదానంలో నిలుచుంటాడు. మూడు దిక్కులకు దారులు, పక్కనే ఒక గుహ. ఇటు పొమ్మనేవారు లేరు. జపానులో ఆ ఆటను తిరిగి వ్రాయదగిన డిస్కు మీద ఇచ్చారు. 1987లో అమెరికాకు పంపినప్పుడు క్యాసెట్టులోపల చిన్న బ్యాటరీ అమర్చి, పెట్టె ఆపినా జ్ఞాపకం చెరిగిపోకుండా చేశారు. పుస్తకంలో నెమలిఈక పెట్టి మూసినట్లు, ఇక ఆటను ఏ పుటలోనైనా మూసి లేచిపోవచ్చును. ఆఫీసుకు పోయే గుమస్తాకు, బిడ్డను నిద్రపుచ్చవలసిన తల్లికి, కళ్ళు త్వరగా అలసిపోయే వృద్ధునికి తలుపు తెరిచినది ఆ బ్యాటరీయే.

ఇక నా సొంత అనుభవం. నేను మొదట ముగించిన ఆట 'మిస్ట్'. రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు 1993లో వెలువరించినది. అరువది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయిన ప్రసిద్ధమైన ఆట. నాకు చేరేసరికి దానికి ఇరవై ఏండ్లు దాటినవి. అయితే ఏమి? మనుచరిత్రను ఈ ఏడు మొదటిసారి తెరచినవానికి అది ఈ ఏటి పుస్తకమే కదా. ఒక నిర్జన ద్వీపం, ఒక గ్రంథాలయం, అందులో సగం కాలిపోయిన పుస్తకాలు, రేవులో మునిగిన ఓడ. శత్రువులు లేరు, చావు లేదు, మూల తిరిగే అంకె లేదు. చేయవలసినదల్లా చూడడం, చదవడం, గుర్తు పెట్టుకోవడం. మొదట అమ్మినప్పుడు పెట్టెలో ఒక ఖాళీ నోటుపుస్తకం కూడ ఉంచారట! నేను బజారులో ఒక చవుక పుస్తకం కొని, అందులో గడియారపు గోపురం బొమ్మ గీచి, మీటల సంఖ్యలు వేసుకొన్నాను. ఒక చోట వాద్యం మీద వినిపించిన స్వరాలను మరొక చోట సరిగా పోల్చి పట్టుకోవాలి. శ్రుతిజ్ఞానం లేని నేను నాలుగు సాయంత్రాలు దానితో కుస్తీ పట్టాను. నాలుగవనాడు వంటింట్లోనుంచి వింటున్న మా ఆవిడ చేయి తుడుచుకొంటూ వచ్చి, 'ఇంత పెనుగులాట ఎందుకండీ, అది పైస్వరం' అని పది నిమిషాలలో ముగించి వెళ్ళినది. చిన్నప్పుడు ఆమె నేర్చిన వీణ ఏనాడైనా ఇటువంటి పనికి వస్తుందని ఆమె గురువుగారు ఊహించి ఉండరు. ఆటను నేను ముగించడానికి రెండు నెలలు పట్టినది. దారి తెలిసినవాడు కొద్ది నిమిషాలలోనే ముగించగలడని తరువాత తెలిసినది. దానికి నాకేమీ విచారం లేదు. తిరుమల కొండ మెట్లదారిన ఎక్కినవాడు బస్సువానిని చూచి విచారిస్తాడా?

ఈ నిదానాన్ని లోకువగా చూచేవారు ఆటగాళ్ళలోనే చాలమంది ఉన్నారు. 2018లో 'సెలెస్టె' అనే ఆట వచ్చినది. ఒక పిల్ల పర్వతాన్ని ఎక్కే కథ. చాల కష్టమైన ఆట. దాని కర్తలు అందులో ఒక సహాయమార్గం పెట్టి, కావలసినవారు ఆట వేగాన్ని పదేసి పాళ్ళ చొప్పున సగం వరకు తగ్గించుకొనే వీలు కల్పించారు. అట్లా ఎక్కినవాడు పర్వతం ఎక్కినట్లా కాదా అని వాదప్రతివాదాలు జరిగినవి. సంగీతం ఎరిగిన మన ఇండ్లలో ఇటువంటి తగవు పుట్టనే పుట్టదు. సరళీవరుసలు మొదటి కాలంలో సాధించినవానిని, నీవు పాడినది పాట కాదు పొమ్మని ఏ గురువూ అనడు. మొదటి కాలం లేక మూడవ కాలం ఎక్కడిది?

గడియారం ఉండడమే తప్పని నేను అనడం లేదు. ఎవరి గడియారమన్నదే ప్రశ్న. జపానులో కత్సుయా ఎగుచి అనే ఆయన ఉద్యోగం కోసం చిబా నుంచి క్యోటోకు వచ్చి, తనవారికి దూరమైన వెలితి నుంచి ఒక ఆటను ఊహించాడు. 2001లో వెలువడిన ఆ ఆట పేరు 'యానిమల్ క్రాసింగ్'. జంతువులు ఇరుగుపొరుగుగా ఉండే ఒక చిన్న ఊరు. మన ఇంట రాత్రి అయితే ఆ ఊళ్ళోనూ రాత్రే. మనకు శీతకాలం వస్తే అక్కడ మంచు కురుస్తుంది. ఒకే ఇంటివారు వేరువేరు వేళలలో ఆడినా ఒకరు వ్రాసిపెట్టిన ఉత్తరం, ఉంచిన కానుక మరొకరికి అందుతుంది. ప్రొద్దుపోయి ఇల్లు చేరే తండ్రి, నిద్రపోతున్న బిడ్డతో ఈ విధంగా ఆడుకోవచ్చును. కొన్నాళ్ళు పోకపోతే వాకిట కలుపు మొలుస్తుంది, పొరుగువారు 'ఇన్నాళ్ళు ఎక్కడికి పోయినావు' అని నిష్ఠూరమాడుతారు. అంతకంటె శిక్ష లేదు. 2020 మార్చి 20న ఈ వరుసలో క్రొత్త ఆట వచ్చేసరికి ప్రపంచమంతా మహమ్మారికి తలుపులు వేసుకొని ఉన్నది. ఇల్లు కదలలేని లక్షలాది జనం ఆ దీవులలో ఒకరింటికొకరు చుట్టపుచూపుగా వెళ్ళివచ్చారు.

దీనికి ప్రక్కన 2009లో ఫేస్‌బుక్కులో వచ్చిన 'ఫార్మ్‌విల్' ను నిలిపి చూడండి. అదీ నిజమైన గడియారాన్ని అనుసరించినదే. విత్తనం చల్లితే ఇన్ని గంటలకు పంట అని లెక్క. ఆ వేళకు వచ్చి కోయకపోతే పైరు వాడిపోతుంది. అర్ధరాత్రి అలారం పెట్టుకొని లేచి తెరమీది పైరు కోసినవారిని నేనెరుగుదును. వారిలో ఒకరి ఇంట నిజమైన పొలం కౌలుకు పోయినది! ఎగుచి గడియారం మనిషిని పలకరిస్తుంది, ఈ గడియారం హాజరుపట్టీ తీస్తుంది. నేడు టెలిఫోనులో ఆడే ఎన్నో ఆటలు ఈ హాజరుపట్టీనే వారసత్వంగా పుచ్చుకొన్నవి: రోజూ వస్తే రోజుకొక బహుమానం, ఒకనాడు తప్పితే వరుస తెగిపోతుంది, ఈ 'ఋతువు' ముగిసేలోగా సాధించకపోతే ఈ వేషం మరి దొరకదు. నాణేల పెట్టె గోడ దగ్గరినుంచి కదలి మన జేబులోకి వచ్చినదని అర్థం.

ఎరిక్ బరోన్ అనే యువకుడు నాలుగున్నర ఏండ్లు ఒంటరిగా శ్రమించి 2016లో వెలువరించిన 'స్టార్‌డ్యూ వ్యాలీ' కూడ సేద్యపు ఆటే. అందులో ఒక దినం మన లెక్కన సుమారు 14 నిమిషాలు. విశేషమేమంటే, మన మనిషి పడుకొని నిద్రపోతేనే ఆ దినపు పని దాచబడుతుంది. నిద్ర విలువ తెలిసిన ఆట! మీరు ఆరు నెలలు రాకపోయినా మీ పైరు వాడదు, మీరు వచ్చేదాకా ఆ ఉదయం ఉదయంగానే ఉంటుంది. ఇంత తీరుబడిగా పెట్టినా, ఏ పైరు వేస్తే రోజుకు ఎంత లాభమో పట్టికలు వేసుకొని పరుగెత్తే ఆటగాళ్ళకు కొదవ లేదు. అది ఆట తప్పు కాదు. తొందర కొందరికి ఒంటి గుణం. వారిని వైకుంఠపాళి ముందు కూర్చోబెట్టినా గవ్వలు లాక్కొంటారు.

తీరుబడిగా ఆడదలచినవానికి ఇంతకంటె పెద్ద అడ్డంకి మరొకటి ఉన్నది. మనకు తీరిక దొరికేనాటికి ఆట ఉండవలెను కదా! 2023లో అమెరికాలోని వీడియో ఆటల చరిత్ర సంస్థ ఒక పరిశీలన జరిపి, ఆ దేశంలో 2010కి ముందు వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు బజారులో దొరకడం లేదని తేల్చినది. ఒక భాషలో 2010కి ముందు అచ్చయిన పుస్తకాలలో నూటికి 13 మాత్రమే కొనదొరికితే ఆ భాషవారు ఊరుకొంటారా? అదే సంవత్సరం మార్చి 27న నింటెండో సంస్థ తన పాత పెట్టెలు రెండింటికి సంబంధించిన అంగళ్ళను మూసివేసినది. పాత క్యాసెట్లలోని బ్యాటరీలు ఒకటొకటిగా ఆరిపోయి, అందులో దాచుకొన్న వీరుల జ్ఞాపకాలు చెరిగిపోతున్నవి.

అంతకంటె విడ్డూరం 'ది క్రూ' వ్యవహారం. అది 2014లో యుబిసాఫ్ట్ సంస్థ అమ్మిన కారు పందెపు ఆట. అమెరికా దేశాన్నంతా కుదించి తెరమీద పరచి, ఈ తీరంనుంచి ఆ తీరానికి కారు నడుపుకొంటూ పోయే వీలు కల్పించినది. ఒంటరిగా ఆడినా సరే సంస్థవారి యంత్రంతో సంబంధం ఉంటేనే నడిచే ఏర్పాటు. 2024 మార్చి 31న ఆ యంత్రాన్ని ఆపివేశారు. డబ్బిచ్చి కొన్నవారి చేతిలో ఒక బిళ్ళ మిగిలినది, ఆట మిగలలేదు. దీని మీద పుట్టిన ఆందోళన ఐరోపాలో పౌరుల విజ్ఞాపనగా రూపొంది, 2025 నాటికి పది లక్షలకు పైగా సంతకాలు కూడగట్టినది. వారు అడిగినది ఉచితంగా ఇమ్మని కాదు. అమ్మినదానిని, మీరు దుకాణం కట్టివేసిన తరువాత కూడ, ఆడుకొనే స్థితిలో వదలి వెళ్ళమని. సబబైన కోరిక అనే నాకు తోస్తున్నది. నేను ఇల్లు కొన్న తరువాత మేస్త్రీ ఊరు విడిచి పోతూ మెట్లు ఊడదీసుకొని పోతానంటే ఒప్పుకోగలనా?

గ్రంథాలయాల సంగతి మరీ చిత్రం. పుస్తకాలవలెనే పాత ఆటలను కూడ భద్రపరచి, పరిశోధకులకు దూరాన ఉన్నా చూపే అనుమతి ఇమ్మని అమెరికాలో గ్రంథాలయాల పక్షాన కోరారు. 2024 అక్టోబరులో అక్కడి గ్రంథస్వామ్య కార్యాలయం నిరాకరించినది. ఆవరణలోకి వచ్చి చూడవచ్చును గాని దూరంనుంచి కాదన్నది. చూపిన కారణాలలో ఒకటి, జనం వాటిని వినోదానికి వాడుకొంటారేమోనన్న శంక. ఆటను వినోదం కోసం ఆడుతారేమోనని భయం! ఊరూర గ్రంథాలయోద్యమం నడిపిన మన పెద్దలు ఈ మాట వింటే ఏమనేవారో. పద్యాన్ని ఆనందం కోసం చదువుతారేమోనని ఆ రోజులలో ఎవరూ భాండాగారానికి తాళం వేయలేదు.

అన్ని తలుపులూ మూసుకొనిపోలేదు. 2008లో పోలెండు దేశంలో కొందరు, పాత ఆటలను నేటి యంత్రాల మీద నడిచేటట్లు బాగుచేసి అమ్మే ఒక అంగడి పెట్టారు. దాని పేరు 'జి.ఓ.జి.'. కొన్న ఆటను పూర్తిగా మన యంత్రంలోకి దించుకోవచ్చును, రోజూ ఎవరికీ హాజరు చెప్పనక్కరలేదు. కొన్ని పాత ఆటలను వాటి సొంతదారులే క్రొత్త హంగులతో తిరిగి వెలువరిస్తున్నారు. అట్లా 2024 నవంబరులో మళ్ళీ వచ్చినది, 1988 నాటి 'డ్రాగన్ క్వెస్ట్' మూడవ భాగం. ప్రస్తుతం నా సాయంత్రాలు దానితో గడుస్తున్నవి.

దానిలోని ప్రపంచపటం ఇంచుమించు మన భూగోళమే, పేర్లు మాత్రం కొంచెం మార్చారు. పోర్టోగా అనే పడమటి రాజ్యం రాజుకు మిరియాల మీద చెడ్డ మోజు. తూర్పుదేశానికి పోయి మిరియాలు తెచ్చిపెడితే ఓడ ఇస్తానంటాడు. ఓడ లేకపోతే కథ ముందుకు సాగదు. ఆ మిరియాలు దొరికే ఊరి పేరు జపానువారి ఉచ్చారణలో 'బహరాత'. కొండలు దాటి, నానా అగచాట్లు పడి ఆ ఊరు చేరేసరికి, మిరియాల దుకాణంవారి పిల్లను దొంగలు ఎత్తుకొనిపోయి ఉన్నారు. ఆమెను పెండ్లాడవలసిన కుర్రవాడు ఆమె కోసం తానూ పోయి పట్టుబడ్డాడు. కుర్రవాని పేరు గుప్త. వాస్కో డ గామా 1498లో వచ్చిన పని మీదనే నేను కూడ వచ్చి, మనవాడినొకణ్ణి దొంగలనుంచి విడిపించవలసిన స్థితిలో ఉన్నాను. రెండు వారాలుగా గుహ ముందే మకాం. దొంగల నాయకుడు బలవంతుడు, నా పరివారంలో వైద్యుడు ఇంకా చిన్నవాడు. పోర్టోగా రాజుగారు ఇంకొన్నాళ్ళు చప్పిడి కూడు తినవలసినదే.